వేగం పెంచితే గట్టిపడినట్టు కనిపించిన పొర: మైక్రోక్యాప్సూళ్ల కొలతలో ఒక కేసు

నేపథ్యం

లోపల ద్రవం, దాని చుట్టూ ఒక మైక్రాను అటూ ఇటూ మందం ఉన్న సాగే పొర. మైక్రోక్యాప్సూల్ అంటే ఇంతే. మందు, ఎంజైము, సువాసన, ఏది లోపల పెట్టినా గమ్యం చేరేదాకా పొర చిరగకూడదు. కాబట్టి పొర ఎంత గట్టిదో చెప్పే ఒక అంకె కావాలి. దాన్ని పొర షియర్ మాడ్యులస్ అంటారు. ఇంటర్ భౌతికశాస్త్రంలో చదువుకున్న దృఢతా గుణకమే ఇది, పొర మందంతో గుణించినది. అందుకే దీని ప్రమాణం పాస్కల్ కాదు, న్యూటన్/మీటరు.

70 మైక్రాన్ల బంతిని రెండు చివరలా పట్టుకుని లాగలేం కదా. అందుకని ఆ పని ప్రవాహానికి అప్పజెబుతాం. క్యాప్సూల్ పట్టీపట్టనంత సన్నని గాజు కేశనాళికలో చిక్కటి ద్రవంతో పాటు దాన్ని నడిపిస్తే ముందువైపు తూటాలా గుండ్రంగా సాగుతుంది, వెనకవైపు లోపలికి గుంట పడుతుంది. ఎంత సాగిందన్నది రెండే విషయాల మీద ఆధారపడుతుంది. మొదటిది సైజు నిష్పత్తి, అంటే క్యాప్సూల్ వ్యాసార్ధాన్ని గొట్టం వ్యాసార్ధంతో భాగిస్తే వచ్చేది. రెండోది కేపిలరీ సంఖ్య, అంటే బయటి ద్రవం స్నిగ్ధతను క్యాప్సూల్ వేగంతో గుణించి షియర్ మాడ్యులస్‌తో భాగిస్తే వచ్చేది. ఈ రెండింటికీ ఏ ఆకారం వస్తుందో ముందే లెక్కగట్టి ఒక పట్టిక తయారుచేసుకుంటాం. కెమెరాలో పడిన ఆకారాన్ని పట్టికలో వెతికి, కేపిలరీ సంఖ్య పట్టుకుని, దాన్నుంచి మాడ్యులస్ రాబడతాం. ఫ్రాన్స్‌లోని కాంపియేన్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రోటీన్ పొర క్యాప్సూళ్ల మీద 2008లో ప్రచురించిన పద్ధతి ఇదే. సరిగ్గా చేస్తే చక్కగా పనిచేస్తుంది.

ఈ కేసులో క్యాప్సూళ్లు ఓవాల్బుమిన్ (గుడ్డు తెల్లసొనలోని ప్రోటీన్) పొరవి. 10 శాతం ప్రోటీన్ ద్రావణాన్ని నీటితో కలవని సైక్లోహెక్సేన్‌లో చుక్కలుగా విడగొట్టి, టెరెఫ్తలాయిల్ క్లోరైడ్‌తో చుక్కల ఉపరితలం మీదే అల్లిక కట్టించారు. బ్యాచ్‌లు రెండు. అల్లిక చర్యను ఒకదానిలో 5 నిమిషాలు, రెండోదానిలో 30 నిమిషాలు సాగనిచ్చారు. వీటిని ఇకపై 'పలుచ బ్యాచ్', 'దళసరి బ్యాచ్' అందాం. వ్యాసం 70 మైక్రాన్ల చుట్టుపక్కల. కేశనాళిక ఫ్యూజ్డ్ సిలికా, లోపలి వ్యాసం 75 మైక్రాన్లు, పొడవు 12 మి.మీ. బయటి ద్రవం గ్లిజరిన్.

గ్లిజరిన్ ఎందుకన్న ప్రశ్నకు జవాబు ఈ కేసుకు మూలం. నీటిలోనే కొలిస్తే చాలదా? మాడ్యులస్ 0.055 న్యూటన్/మీటరు ఉన్న పొరకు కేపిలరీ సంఖ్య 0.05 రావాలంటే నీటిలో క్యాప్సూల్ సెకనుకు 3 మీటర్లు పరుగెత్తాలి. ఆ వేగంలో రెనాల్డ్స్ సంఖ్య (స్నిగ్ధతతో పోలిస్తే జడత్వం ఎంతో చెప్పేది) వంద దాటుతుంది, జడత్వాన్ని వదిలేసి గట్టిన పట్టిక పనికిరాదు, ఫొటో తీయడమూ కుదరదు. గ్లిజరిన్ నీటికంటే దాదాపు వెయ్యి రెట్లు చిక్కన. సెకనుకు 3 మి.మీ. సరిపోతుంది.

వచ్చిన సమస్య

ఒకే బ్యాచ్‌ను మూడు వేగాల్లో కొలిస్తే మూడు మాడ్యులస్‌లు వచ్చాయి. పలుచ బ్యాచ్‌కు 1.5 మి.మీ./సె. దగ్గర 0.021, 3 దగ్గర 0.033, 6 దగ్గర 0.049 న్యూటన్/మీటరు. దళసరి బ్యాచ్‌కు అవే వేగాల్లో 0.034, 0.060, 0.105. వేగం నాలుగింతలైతే మొదటి బ్యాచ్ 2.3 రెట్లు, రెండోది 3 రెట్లు పైగా 'గట్టిపడింది'. మాడ్యులస్ పదార్థ గుణం. వేగం మారితే అది మారకూడదు. దీనికితోడు పలుచ బ్యాచ్‌లో ఉదయం కొలిచినవాటికీ మధ్యాహ్నం కొలిచినవాటికీ పొంతన లేదు.

బృందం అడిగిన ప్రశ్న ఒక్కటే: ఈ పొరకు ఏ స్థితిస్థాపక నియమం (ఎంత లాగితే పొర ఎంత సాగుతుందో చెప్పే సూత్రం) వాడాలి? ప్రశ్నలోనే జవాబు సగం ఒప్పేసుకున్నట్టు ఉంది. పొర సాగేకొద్దీ గట్టిపడుతోంది, కాబట్టి నియమం మార్చాలి అని.

ప్రయత్నించినవి, ఫలించనివి

మొదట నియమమే మార్చారు. పట్టిక నియో-హుకియన్ నియమంతో గట్టినది. సాగేకొద్దీ మెత్తబడే పదార్థాన్ని అది వర్ణిస్తుంది. దాని బదులు 1973లో స్కాలక్, ఆయన సహచరులు ఎర్ర రక్తకణం పొర కోసం ప్రతిపాదించిన నియమం పెట్టారు. ఇది సాగేకొద్దీ బిగుసుకునే పొరకు. వైశాల్యం మారడానికి పొర ఎంత అడ్డుపడుతుందో చెప్పే గుణకం ఒకటి అదనంగా ఉంటుంది. దాన్ని పెంచుతూ పోతే పలుచ బ్యాచ్ రేఖ కొంత చదునైంది. దళసరి బ్యాచ్‌కు అదే విలువ సరిపోలేదు, అక్కడ గుణకాన్ని ఇంకా ఎన్నో రెట్లు పెంచాల్సి వచ్చింది. అప్పుడూ తక్కువ వేగాల దగ్గర వంపు అలాగే ఉంది.

ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించాల్సింది. విరూపణ, అంటే ఆకారంలో మార్పు, చిన్నగా ఉన్నప్పుడు ఈ నియమాలన్నీ ఒకే సరళ నియమంలోకి కుదించుకుపోతాయి. స్కాలక్ గుణకం 1 అయితే చిన్న విరూపణలో అది నియో-హుకియన్‌తో అచ్చంగా ఏకీభవిస్తుంది. షియర్ ప్రవాహంలో గోళాకార క్యాప్సూల్‌కు బార్తెస్-బియెసెల్ సిద్ధాంతం ఇచ్చే మొదటి పదం రెండింటికీ ఒకటే: విరూపణ సూచిక (పొడవు వెడల్పుల తేడాను వాటి మొత్తంతో భాగిస్తే వచ్చేది) కేపిలరీ సంఖ్యకు 25/12 రెట్లు. అక్కడి కేపిలరీ సంఖ్యలో వేగం బదులు షియర్ రేటును వ్యాసార్ధంతో గుణించి వేస్తారు. నియమాల మధ్య తేడా బయటపడేది బాగా సాగిన తర్వాతే. ఈ కేసులో మాడ్యులస్ అత్యంత వేగంగా మారింది 1.5కూ 3కూ మధ్య, అంటే క్యాప్సూల్ దాదాపు గుండ్రంగానే ఉన్న చోట. అక్కడి వంపును ఏ నియమమూ వివరించలేదు. ఇది కాగితం మీద పది నిమిషాల్లో తేలే విషయం. లెక్కలు మళ్లీ నడపడానికి మూడు వారాలు పట్టింది.

తర్వాతి అనుమానం స్నిగ్ధత మీద. ఇది న్యాయమైన అనుమానమే. స్వచ్ఛమైన గ్లిజరిన్ స్నిగ్ధత 20 డిగ్రీల దగ్గర 1.41 పాస్కల్-సెకను, 25 దగ్గర 0.93, 30 దగ్గర దాదాపు 0.61. అంటే ఒక్కో డిగ్రీకి 8 శాతం చొప్పున పడిపోతుంది. ఏసీ ఆపిన గదికీ వేసిన గదికీ ఎంత తేడా వస్తుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. నీటి సంగతి ఇంకా ఘోరం. 20 డిగ్రీల దగ్గర నూటికి ఒక వంతు నీరు కలిస్తే 1.41 కాస్తా 1.15కు, రెండు వంతులు కలిస్తే 0.94కు దిగుతుంది. గ్లిజరిన్ గాలిలోంచే తేమ లాగుతుంది. వానాకాలంలో మూత తీసి పెట్టిన సీసాను నమ్మకూడదు. ఇక్కడైతే క్యాప్సూళ్లు ఉన్న 50 మైక్రోలీటర్ల నీటి సస్పెన్షన్‌ను 5 మి.లీ. గ్లిజరిన్‌లో నేరుగా పోస్తున్నారు కాబట్టి ఒక వంతు నీరు చేతులారా కలిపినట్టే. లెక్కలో మాత్రం 0.93 వేసుకున్నారు.

కేశనాళికను ఉంచిన గ్లిజరిన్ తొట్టెలోనే థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) పెట్టి చూస్తే సూక్ష్మదర్శిని దీపం వేడికి అక్కడ గదికంటే 2 డిగ్రీలు ఎక్కువ ఉంది. ఎల్‌ఈడీ దీపం మార్చి, తొట్టెను 25 దగ్గర నిలిపి, వాడుతున్న మిశ్రమాన్నే విస్కోమీటర్‌లో కొలిస్తే 0.79 వచ్చింది. రోజు మారితే వచ్చే తేడా చాలావరకు పోయింది, అంకెలన్నీ 15 శాతం దిగాయి. కానీ మూడు వేగాల నిష్పత్తి చెక్కుచెదరలేదు. చెదరదు కూడా. స్నిగ్ధతలో తప్పు ఉంటే మూడు అంకెలనూ ఒకే గుణకంతో మారుస్తుంది, వాటి మధ్య వాలును ముట్టుకోదు. ఈ సవరణ అవసరమే, జబ్బు మాత్రం ఇది కాదు.

మూడోది పంపు. ప్లాస్టిక్ సిరంజి, మెత్తటి గొట్టాలు ఉన్న సిరంజి పంపుతో 3 బార్ల పీడనం మీద నిమిషానికి ఒకటిన్నర మైక్రోలీటర్లు తోస్తుంటే సిరంజి రబ్బరే స్ప్రింగులా నొక్కుకుంటుంది. వేగం నిలకడ పడటానికి నిమిషాలు పడుతుంది. నైట్రోజన్ సిలిండర్, రెగ్యులేటర్‌తో స్థిర పీడనానికి మారారు. వేగాన్ని పంపు అంకె నుంచి కాక వరస ఫ్రేముల్లో క్యాప్సూల్ జరిగిన దూరం నుంచి తీసుకున్నారు. మంచి మార్పు. వాలు అలాగే ఉంది.

కెమెరా షట్టర్ 200 మైక్రోసెకన్ల దగ్గర ఉంది. 6 మి.మీ./సె. వేగంలో అంతసేపట్లో క్యాప్సూల్ 1.2 మైక్రాన్లు, అంటే దాదాపు 4 పిక్సెళ్లు జరిగిపోతుంది, ఆ మేరకు పొడవుగా కనిపిస్తుంది. 30 మైక్రోసెకన్లకు తగ్గించారు. గమనించాల్సింది దిశ. మసక వల్ల ఎక్కువ వేగంలో క్యాప్సూల్ ఇంకా సాగినట్టు, అంటే మెత్తగా కనిపించాలి. ఇక్కడి లక్షణం దానికి తలకిందులు. షట్టర్ సరిచేశాక వాలు ఇంకాస్త పెరిగింది.

మలుపు

వాలును వివరించగల కారణానికి ఉండాల్సిన లక్షణం ఇప్పటికి తేలింది. తక్కువ వేగంలో పొరను అసలుకంటే బాగా మెత్తగా చూపాలి, వేగం పెరిగేకొద్దీ ఆ ప్రభావం తగ్గాలి. ముందే బిగిసి ఉన్న పొర అయితే, అంటే క్యాప్సూల్ లోపలి ఒత్తిడికి కాస్త ఉబ్బి ఉంటే, ఫలితం తారుమారవుతుంది. తక్కువ వేగంలోనే ఎక్కువ గట్టిగా కనిపిస్తుంది. కాబట్టి ఉబ్బు కాదు. దానికి ఎదురుది, గాలి తగ్గిన బంతిలా వదులైన పొర, సరిగ్గా సరిపోతుంది. ముందు వదులు తీరేదాకా ఊరికే సాగుతుంది, వదులు అయిపోయాక పొర అడ్డుపడటం మొదలవుతుంది.

అప్పుడు తీసిన ఫొటోలనే మళ్లీ చూడాల్సి వచ్చింది. చాలా అందమైన ఫొటోలు. క్యాప్సూల్ చుట్టూ నల్లటి దళసరి అంచు, లోపల వెలుగు, అంచు గీయడానికి సాఫ్ట్‌వేర్‌కు ఏ ఇబ్బందీ లేదు. అంత అంచు ఎక్కడి నుంచి వచ్చింది? గ్లిజరిన్ వక్రీభవన గుణకం 1.47, నీటిది 1.33. లోపలా బయటా గ్లిజరినే అయితే కాంతి వంగడానికి కారణమే లేదు. ఒక మైక్రాను పొర మాత్రం సన్నని బూడిదరంగు గీతలా లీలగా కనిపించాలి. నల్లటి అంచు కనబడుతోందంటే లోపల ఇంకా నీరు బాగా ఉందని అర్థం.

దీన్ని ముందే ఎందుకు పట్టించుకోలేదో తెలుసుకోవడం ముఖ్యం, ఎందుకంటే వాళ్ల తర్కంలో ఒక సగం నిజం ఉంది. గొట్టం మధ్యలో అక్షం వెంబడి స్థిరంగా వెళ్లే క్యాప్సూల్‌లో పొర తిరగదు. క్యాప్సూల్‌తో పాటు కదులుతూ చూస్తే లోపలి ద్రవం నిశ్చలంగా ఉంటుంది. కదలని ద్రవానికి స్నిగ్ధత ఎంతైనా ఆకారం మారదు. షియర్ ప్రవాహంలో పొర యుద్ధట్యాంకు గొలుసులా చుట్టూ తిరుగుతుంది కాబట్టి అక్కడ లోపలి స్నిగ్ధత లెక్కలోకి వస్తుంది, ఇక్కడ రాదు. కనుక లోపల నీరున్నా గ్లిజరినున్నా ఒకటే అనుకున్నారు. స్నిగ్ధత వరకు అది నూటికి నూరుపాళ్లు సరైన మాట. కానీ లోపల నీరు, బయట గ్లిజరిన్ ఉంటే ద్రవాభిసరణం ఊరుకోదు. నీటి అణువు చిన్నది, పొరగుండా బయటికి త్వరగా వస్తుంది. గ్లిజరిన్ అణువు పెద్దది, లోపలికి నిదానంగా వెళుతుంది. ఈ రెండింటి మధ్య సమయంలో క్యాప్సూల్ ఘనపరిమాణం తగ్గుతుంది. పొర వైశాల్యం అంతే ఉంటుంది. చివరికి గ్లిజరిన్ చేరి క్యాప్సూల్ మళ్లీ నిండుతుంది. కొలతలు జరిగింది ఆ మధ్య సమయంలో.

ఘనపరిమాణం 10 శాతమే తగ్గిందనుకుందాం. చూపుకు తెలియదు. కానీ ఆ 10 శాతంతో గోళం, మొత్తం వైశాల్యం రవ్వంత కూడా పెరగకుండానే, వెడల్పుకు రెండింతల పొడవున్న దీర్ఘవృత్తాకారం దాకా సాగగలదు. షియర్‌కు పొర కొంత అడ్డుపడుతుంది, వైశాల్యం వైపునుంచి మాత్రం అడ్డే ఉండదు. పైగా పద్ధతిలో క్యాప్సూల్ వ్యాసార్ధాన్ని ఫొటోలోని ఘనపరిమాణం నుంచే రాబడతాం. 10 శాతం తగ్గితే వ్యాసార్ధం 36.2 మైక్రాన్ల బదులు 35 అని వస్తుంది. గొట్టం వ్యాసార్ధం 37.5. గోడకూ పొరకూ మధ్య జాగా నిజంగా 1.3 మైక్రాన్లుంటే మనం 2.5 అనుకుంటాం. అంత వదులైన గొట్టంలో ఇంత సాగిందంటే పొర చాలా మెత్తదై ఉండాలని పట్టిక చెబుతుంది. రెండు పొరపాట్లూ ఒకే దిశలో కలిసొచ్చాయి.

దళసరి బ్యాచ్ ఎక్కువ చెడిపోవడానికి కారణమూ ఇదే. 30 నిమిషాల అల్లిక బిగువైనది, గ్లిజరిన్ ఇంకా నిదానంగా దూరుతుంది.

ఇక పలుచ బ్యాచ్‌లో పొంతన లేకపోవడం. ఉదయం కలిపిన సీసాలోంచే సాయంత్రం దాకా తీసుకునేవారు. గ్లిజరిన్ చిక్కన కాబట్టి పైపెట్ మొన ఉపరితలం కిందే ముంచి లాగేవారు. నీరు నిండిన 70 మైక్రాన్ల క్యాప్సూల్ ఈ మిశ్రమంలో సెకనుకు 0.87 మైక్రాన్లు, గంటకు 3 మి.మీ. పైకి తేలుతుంది. గ్లిజరిన్ నిండినది దాదాపు ఉన్నచోటే ఉంటుంది. అంటే మధ్యాహ్నానికి బాగుపడ్డవన్నీ కింద ఉండిపోయి, బాగుపడనివి పైపెట్ మొన దగ్గర గుమిగూడేవి. ఆ వచ్చినవాటిలో మళ్లీ అంచు బాగా కనిపించేవాటిని ఎంచుకునేవారు. మంచి ఫొటో కోసం చేసిన ఎంపికే తప్పుడు క్యాప్సూళ్లను ఏరి పెట్టింది.

నిర్ధారణకు ఒక చిన్న పరీక్ష చేశారు. రెండు చివర్లా పీడనం సమం చేసి ప్రవాహం ఆపాలి. ఊరికే వాల్వు కట్టేస్తే గొట్టాల్లో మిగిలిన పీడనానికి క్యాప్సూల్ ఇంకా పాకుతూనే ఉంటుంది. స్నిగ్ధతను వ్యాసార్ధంతో గుణించి మాడ్యులస్‌తో భాగిస్తే వచ్చే సడలింపు కాలం ఈ పొరలకు అర మిల్లీసెకను. గోడకూ క్యాప్సూల్‌కూ మధ్య సన్నని సందులోంచి ద్రవం జారడానికి ఇంకొంత పడుతుందని లెక్కవేసుకున్నా ఒక సెకనులో క్యాప్సూల్ గుండ్రంగా మారాలి. 10 సెకన్లు ఆగి చూస్తే పొడవు వెడల్పుల నిష్పత్తి 1.06 నుంచి 1.15 దాకా నిలిచిపోయింది. గుండ్రంగా కనిపించిన ఒకటి రెండింటిలో కూడా ఫోకస్ చక్రాన్ని మెల్లగా తిప్పి క్యాప్సూల్ పైకప్పు దాకా తెస్తే పొడవునా మూడు నాలుగు సన్నటి ముడతలు తేలాయి. సైజు నిష్పత్తి 1 దాటిన క్యాప్సూల్‌ను గొట్టంలో ఇరికిస్తే చుట్టుకొలత నొక్కుకుని అలాంటి ముడతలు పడటం మామూలే. గొట్టంకంటే చిన్నదై, కదలకుండా ఉన్నదాని మీద ముడతలంటే పొర వదులన్నట్టే.

ఫలించినది

గ్లిజరిన్ మానేయడం గురించీ ఆలోచించారు. సిలికోన్ నూనె అయితే ద్రవాభిసరణం ఉండదు, అది వాడే ప్రయోగశాలలూ ఉన్నాయి. కానీ నీటికీ సిలికోన్ నూనెకూ మధ్య అంతర్ముఖ తన్యత (రెండు ద్రవాల సరిహద్దులోని బిగువు) 0.04 న్యూటన్/మీటరు దరిదాపుల్లో ఉంటుంది. తడిసిన, రంధ్రాలున్న పొర మీద అందులో ఎంత పనిచేస్తుందో తెలియదు. కొలవాలనుకుంటున్న మాడ్యులసే 0.05. కొలిచేదానంత పెద్ద తెలియని సంగతిని కొత్తగా తెచ్చిపెట్టుకోవడం తెలివైన పని కాదు. గ్లిజరిన్‌తోనే ఉండి, మార్పిడిని పూర్తికానివ్వాలని తేల్చారు.

పాటించిన విధానం ఇది. 100 మైక్రోలీటర్ల నీటి సస్పెన్షన్‌ను మూత గట్టిగా పట్టే సీసాలో తీసుకుని, గదిలో నిదానంగా తిరిగే రోటేటర్ మీద పెట్టారు. మొదటి 100 మైక్రోలీటర్ల గ్లిజరిన్‌ను 25 చొప్పున అరగంటకొకసారి చేర్చారు. ఆ తర్వాతి 900 మైక్రోలీటర్లను 3 గంటల్లో సిరంజి పంపుతో చుక్కచుక్కగా. మిగిలిన 9 మి.లీ. మర్నాడు. సెంట్రిఫ్యూజ్ వాడలేదు. మార్పిడి మధ్యలో క్యాప్సూల్ లోపలి సాంద్రత మారుతూ ఉంటుంది కాబట్టి కొన్ని పైకి, కొన్ని కిందికి పోయి, పొరలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. చివరి మిశ్రమంలో నీరు బరువులో నూటికి 0.8 వంతు. స్నిగ్ధతను మళ్లీ కొలిస్తే 25 డిగ్రీల దగ్గర 0.79 పాస్కల్-సెకను.

ఎంతసేపు ఉంచాలో గడియారం చూసి నిర్ణయించలేదు. పలుచ బ్యాచ్ నల్లటి అంచు చివరి భాగం పోసిన 2 గంటల్లో పోయింది. దళసరి బ్యాచ్‌కు 18 గంటలు దాటింది, 48 గంటలు ఉంచి తీశారు. సీసాను కదపకుండా రాత్రంతా నిలబెడితే పైన తెల్లటి తెట్టు కట్టకూడదు. కడితే ఆ సీసా ఇంకా సిద్ధం కానట్టే. నమూనా సీసా మధ్యలోంచి తీయాలి.

దీనితో కొత్త చిక్కు వచ్చింది. అంచు పోయాక సాఫ్ట్‌వేర్‌కు క్యాప్సూల్ కనపడటం మానేసింది. సూక్ష్మదర్శినిలో కాంతిని అదుపుచేసే కండెన్సర్ డయాఫ్రమ్‌ను బాగా మూసి, ఫోకస్‌ను కొద్దిగా పక్కకు జరిపితే పొర సన్నగీతలా తేలింది. ఫేజ్ కాంట్రాస్ట్ ఉంటే ఇంకా మేలు. వెనక గుంట లోతును కంప్యూటర్‌కు వదలకుండా చేత్తో గుర్తించారు. బయటి అంచు మాత్రమే గీసి గుంటను మరిచిపోతే ఘనపరిమాణం ఎక్కువగా లెక్కకొచ్చి, సైజు నిష్పత్తి చెడిపోతుంది. కేశనాళిక బయటి పాలీఇమైడ్ పూతను కాల్చేసి, గొట్టాన్ని గ్లిజరిన్ తొట్టెలోనే ఉంచడం మొదటినుంచీ సరిగ్గానే చేశారు. గాలిలో ఉంచితే గుండ్రటి గోడ భూతద్దంలా అడ్డుకొలతను పెద్దది చేస్తుంది. సిలికా గుణకం 1.46, గ్లిజరిన్‌ది 1.47. రెండూ దగ్గరే కాబట్టి తొట్టెలో ఆ దోషం ఉండదు.

కొలత క్రమం కూడా మారింది. వేర్వేరు క్యాప్సూళ్లను వేర్వేరు వేగాల్లో కొలవడం మానేసి, వీలైన ప్రతిసారీ ఒకే క్యాప్సూల్‌ను ముందుకు వెనక్కు నడిపి మూడు వేగాల్లో కొలిచారు. మొదట ఆపి చూడటం. పొడవు వెడల్పుల నిష్పత్తి 1.02 దాటితే ఆ క్యాప్సూల్ వద్దు. తర్వాత గొట్టం మొదలునుంచి 4, 7, 10 మి.మీ. దగ్గర మూడు ఫొటోలు, ఆకారం మూడుచోట్లా ఒకటే అయితేనే స్థిరపడినట్టు. చివర మళ్లీ ఆపి చూడటం. సైజు నిష్పత్తి 0.9కీ 1కీ మధ్య ఉన్నవే తీసుకున్నారు. 0.8 దిగితే ఆకారం పెద్దగా మారదు, కాబట్టి పట్టిక ఏమీ చెప్పలేదు. 1.1 దాటితే ముడతలు అడ్డొస్తాయి.

ఫలితాలు: పలుచ బ్యాచ్‌కు 1.5, 3, 6 మి.మీ./సె. దగ్గర 0.054, 0.056, 0.055 న్యూటన్/మీటరు. దళసరి బ్యాచ్‌కు 3, 6, 9 దగ్గర 0.128, 0.131, 0.124. మొదట్లో వాడిన నియో-హుకియన్ పట్టికతోనే. స్కాలక్ నియమం పెట్టి చూస్తే ఇప్పుడు వేగంతో పాటు మాడ్యులస్ తగ్గుతున్నట్టు వచ్చింది. కాబట్టి ఈ సాగుడు పరిధిలో పొర బిగుసుకోవడం లేదని మొదటిసారిగా ధైర్యంగా చెప్పగలిగారు.

పాఠాలు

మాడ్యులస్ వేగంతో మారుతోందంటే నియమం దగ్గరకు వెళ్లేముందు మార్పు ఎక్కడ ఎక్కువో చూడాలి. తక్కువ వేగాల దగ్గరే ఎక్కువ ఉంటే క్యాప్సూల్ ఆరంభస్థితిని అనుమానించాలి. ఎక్కువ వేగాల దగ్గర మొదలైతే నియమాన్ని అనుమానించవచ్చు. మూడు వేగాలకూ ఒకే నిష్పత్తిలో తప్పు వస్తే స్నిగ్ధత. దిశ చూసుకోకుండా ఏ దోషాన్నైనా సవరిస్తూ పోతే, షట్టర్ విషయంలో జరిగినట్టు, సరైన సవరణే సమస్యను పెంచినట్టు కనిపించి దాన్ని వెనక్కు తీసుకునే ప్రమాదం ఉంది.

బ్యాచ్‌కొక గుణకం పెడితే తప్ప కుదరని నియమాన్ని మనం పదార్థం నుంచి నేర్చుకోలేదు, కొలత దోషాన్ని అందులో దాచాం. రెండు బ్యాచ్‌లలో ప్రోటీన్ ఒకటే, రసాయనం ఒకటే. అల్లిక కాలం మాడ్యులస్‌ను మారుస్తుంది. నియమం ఆకృతినే అన్ని రెట్లు మారుస్తుందని నమ్మడానికి వేరే ఆధారం కావాలి.

ప్రవాహం ఆపి తీసిన ఫొటోకు ఖర్చు 10 సెకన్లు. కదిలే క్యాప్సూల్ ఫొటో ఎంత స్పష్టంగా ఉన్నా దాని విరామ ఆకారం తెలియకపోతే అది సగం కొలతే. ఈ బృందం ఇప్పుడు ప్రతి క్యాప్సూల్ ఫైలులో ముందు, తర్వాత ఆపి తీసిన రెండు ఫొటోలనూ కలిపే భద్రపరుస్తోంది. ఆ రెండూ లేని పాత కొలతలను సవరించే ప్రయత్నం చేయలేదు, పక్కన పెట్టేశారు. తగ్గిన ఘనపరిమాణం ఎంతో క్యాప్సూల్ క్యాప్సూల్‌కూ మారుతుంది కాబట్టి వెనక్కి లెక్కగట్టే దారి లేదు.

తర్వాత ఆపి తీసిన ఫొటో ఒక కొత్త సంగతి కూడా పట్టిచ్చింది. దళసరి బ్యాచ్‌లో కొన్ని క్యాప్సూళ్లు 9 మి.మీ./సె. దగ్గర నడిచాక 1.05 దగ్గరే ఆగిపోయాయి, ముందు మాత్రం 1.01 ఉన్నాయి. లోపలి ద్రవం కారిందా, పొరే శాశ్వతంగా సాగిందా అన్నది ఘనపరిమాణం చెబుతుంది. ముందు తర్వాత ఘనపరిమాణాలు 1 శాతం లోపు కలిశాయి. కాబట్టి కారడం కాదు, పొరే తిరిగి రావడం లేదు. ఆ క్యాప్సూళ్ల 9 మి.మీ./సె. అంకెను సగటులో కలపలేదు, వాటి విషయంలో 6 దాకా ఉన్న కొలతలనే నివేదికలో ఇచ్చారు.